దూరదేశమున ఇంటి రుచి

పాచిపెంట కొండలలో పొలము పనికి పోవువారు సొరబుర్రలో చోడి అంబలి పోసికొని వెంట తీసికొనిపోవుట కలదు. దక్షిణాఫ్రికావా డెవడైన ఆ అంబలి రుచి చూచినచో తన దేశపు ‘మహేవు’ జ్ఞప్తికి రాక మానదు. మహేవు మొక్కజొన్నపిండితో కాచి పులియబెట్టిన జావ. ధాన్యములు వేరైనను పులుపు ఒక్కటే. ఇందుకు కారణమేమి?

చోడిపిండిని నీటిలో కలిపి రాత్రి ఉంచినచో, పిండిలోనున్న కొన్ని బాక్టీరియాలు అందలి చక్కెరలను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. పాలను పెరుగుగా మార్చునవియు ఈ కోవకు చెందినవే. ఆమ్లము హెచ్చినకొలది పెక్కు హానికర క్రిములు అందు పెరుగజాలవు. ఉదయము కాచునపుడు బాక్టీరియాలు చచ్చును. ఆమ్లము నిలిచి పులుపునిచ్చును. మహేవుకైతే ముందే జావ కాచి, చల్లార్చి, కొంచెము గోధుమపిండి కలిపి ఉంచుదురు. కావలసిన బాక్టీరియాలు ఆ పిండితో వచ్చి చేరును.

ఆహారమును నిలువచేయుటకు మరియొక మార్గము ఎండబెట్టుట. తేమ లేనిచోట సూక్ష్మజీవులు పెరుగలేవు. దక్షిణాఫ్రికావారు మాంసపు పేళికలకు ఉప్పు, సిర్కా, ధనియాలు, మిరియాలు పట్టించి గాలికి ఆరగట్టి ‘బిల్టాంగు’ చేయుదురు. మన ఉప్పుచేపకును ఇదే సూత్రము.

ఆ దేశమునుండి వలసపోయినవారు పరదేశపు దుకాణములలో తమ రస్కులను వెదకి కొనుక్కొందురు. బిల్టాంగు సంగతి వేరు. గాలికుంటు వ్యాధి ప్రాకునను భయముచే పెక్కు దేశములు బయటి మాంసమును రానీయవు. అందుచే పలువురు తామున్న చోటి మాంసముతోనే ఇంట బిల్టాంగు ఆరబెట్టుకొందురు. సరకు ఓడరేవున ఆగినను, చేయు విధము వారితో వచ్చినది గదా!

మనవారి అనుభవమును ఇట్టిదే. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసునుండి కూలీలతో డర్బను చేరెను. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారును కలరు. అక్కడ సులభముగా దొరికినది మొక్కజొన్నపిండి. మారియమ్మకు నివేదించు పులిసిన జావను దక్షిణభారత సంతతివారు అక్కడ ఆ పిండితోనే కాచుచున్నారు.

ఇంకొక విశేషము. చోళ్లు పుట్టినదే తూర్పు ఆఫ్రికా మిట్టభూములలో. వేల యేండ్ల క్రిందటనే అవి మన దేశమునకు వచ్చినవి. ఆఫ్రికాలో నేడు ప్రధానమైన మొక్కజొన్న అమెరికానుండి వచ్చినది.

అంబలి బీదల తిండి యని సిగ్గుపడు విద్యార్థులు ఒకటి గమనింపవలెను. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము ఉండును. తెల్లని బియ్యములో 10 మిల్లీగ్రాములకు అటు ఇటు మాత్రమే. పులియుటచే పిండిలోని ఫైటేటు కొంత విరిగి, ఇనుము వంటి ఖనిజములు శరీరమునకు సులభముగా అందును. అంబలి మాని పాలిష్ బియ్యమునే తిను బిడ్డ ఎముకలు ఈ లాభమును కోల్పోవును.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని పరీక్షింపవచ్చును. రెండు చెంచాల చోడిపిండిని గ్లాసెడు నీటిలో కలిపి, మూతపెట్టి, వెచ్చనిచోట ఉంచుడు. అప్పుడే ఒక నీలి లిట్మస్ కాగితమును, మరునాడు మరియొకదానిని అందు ముంచి, రెండింటి రంగులను పోల్చుడు. ఆ నీటిని మాత్రము త్రాగరాదు. రెండవ కాగితము ఎఱ్ఱబడుట చూచిన పిల్లలు, పులుపు ఎక్కడినుండి వచ్చినదో తామే చెప్పగలరు.