కారు టాపుకి చిల్లు పెట్టేశా! పర్మనెంట్ హామ్ రేడియో యాంటెన్నా మౌంట్ బిగించడం ఎలా?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే కదా మాట్లాడుకుంటున్నాం. ఈసారి కాస్త డేంజరస్ ప్రాజెక్ట్. మా నాన్న కారు టాపుకి 19 మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, హామ్ రేడియో యాంటెన్నాకి పర్మనెంట్ మౌంట్ బిగించాను. పర్మిషన్ అడిగితే నాన్న ఒకటే మాట అన్నారు: "బీటెక్ చదివించింది ఇందుకేరా?"

ఆయన్ని ఒప్పించింది నేను కాదు, ఆయన జ్ఞాపకమే. మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా దగ్గర తీరం దాటినప్పుడు నాన్నకి నా వయసే. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. పక్క ఊళ్లో ఉన్న అత్త వాళ్లు బతికున్నారో లేదో తెలియడానికి రోజులు పట్టిందట. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయిగా అంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం లాంటి సిటీలోనే సెల్ నెట్‌వర్క్ కుప్పకూలింది. టవర్‌కి కరెంటు కావాలి, కేబుల్ కావాలి. రెండు రేడియోల మధ్య గాలి ఉంటే చాలు. కారులో ఉన్న రేడియోకైతే ఛార్జింగ్ బెంగ కూడా లేదు, బండి బ్యాటరీయే పవర్ స్టేషన్.

ముందు లైసెన్స్ సంగతి

హామ్ రేడియోలో మాట్లాడాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. అది లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. 12 ఏళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. ట్రైనింగ్ కావాలంటే హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఎలక్ట్రానిక్స్ భాగం పెద్ద కష్టం కాదు, రూల్స్ మాత్రం కూర్చుని చదవాలి.

హ్యాండ్‌సెట్ చాలదా?

చాలదు. కారు అంటే నాలుగు వైపులా ఇనుము ఉన్న డబ్బా. లోపల కూర్చుని చేతిలో వాకీటాకీ పట్టుకుంటే, సిగ్నల్ అద్దాల సందుల్లోంచి దారి వెతుక్కోవాలి. అదే యాంటెన్నా టాపు మీద పెడితే, మనకి అడ్డమైన ఆ ఇనుప రేకే మనకి పనిచేస్తుంది. దీన్ని గ్రౌండ్ ప్లేన్ అంటారు. నిలువుగా ఉన్న రాడ్ యాంటెన్నాలో సగం మాత్రమే. మిగతా సగం కింద ఉన్న రేకు. అందుకే టాపు మధ్యలో పెడితే సిగ్నల్ అన్ని దిక్కులకీ దాదాపు సమానంగా వెళ్తుంది.

డెల్టా నేల చదును కాబట్టి మనకి కొండల గొడవ లేదు. కానీ భూమి గుండ్రం కదా, వీహెచ్‌ఎఫ్ సిగ్నల్‌కి అదే హద్దు. లెక్క ఈజీ: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో హొరైజన్ కిలోమీటర్లలో వస్తుంది. కారు మీద 2 మీటర్లకి దాదాపు 5.8 కిలోమీటర్లు. ఇంటి మేడ మీద 10 మీటర్లకి 13. రెండూ కలిపితే సుమారు 19. అదే రెండు కార్ల మధ్య అయితే 11 చిల్లర. మధ్యలో కొబ్బరి తోటలు ఉంటే, అందులోనూ వాన తడితో ఉంటే, ఇంకాస్త తగ్గుతుంది.

మ్యాగ్నెట్ మౌంట్ ఎందుకు తీసేశానంటే

మొదట నేనూ మ్యాగ్నెట్ బేస్ యాంటెన్నానే వాడాను. నిజం చెప్పాలంటే సిగ్నల్‌లో దానికి పెద్దగా వంక పెట్టలేం. సమస్యలు వేరే చోట వచ్చాయి. అయస్కాంతం కింద ఇసుక, ఉప్పు దుమ్ము చేరి పెయింట్‌ని సాండ్‌పేపర్‌లా గీకేసింది. సముద్రపు గాలికి ఆ గీతల్లో తుప్పు మొదలైంది. కేబుల్ డోర్ సందులోంచి లోపలికి రావడంతో, తలుపు వేసినప్పుడల్లా నలిగేది. నర్సాపురం రేవులో పంటు ఎక్కుతుండగా కుండపోత వాన పట్టుకుంది. నీళ్లు కేబుల్ వెంటే జారి సీటు మీద పడ్డాయి. ఇంటికొచ్చి మీటర్ పెట్టి చూస్తే నలిగిన చోట లోపలి వైరు పైన అల్లికకి తగిలి షార్ట్ అయింది. తుపాను కోసం పెట్టుకున్నది మామూలు వానకే పోయింది!

ఏం కొన్నాను?

ఎన్‌ఎంఓ మౌంట్ తీసుకున్నాను. ఇది పోలీసు, అంబులెన్స్ బళ్ల మీద ప్రపంచమంతా వాడే డిజైన్. రేకు పైన చిన్న థ్రెడ్ మాత్రమే కనిపిస్తుంది, యాంటెన్నాని చేత్తో తిప్పి తీసేయొచ్చు, బదులుగా రబ్బరు ఉన్న రెయిన్ క్యాప్ పెట్టొచ్చు. దానితో పాటు 5 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. ఆ పొడవులో 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 1 డెసిబెల్ పోతుంది, అంటే రేడియో 25 వాట్లు ఇస్తే యాంటెన్నాకి చేరేది 20 వాట్లు. ఆ నష్టం మనకి తెలియదు కూడా.

చిల్లు పెట్టే రోజు

డ్రిల్లింగ్ ఇంట్లో చేయలేదు. రాజమండ్రిలో తెలిసిన టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి ఒకసారి కారుని, ఒకసారి నన్ను చూసి, "మేం చిల్లులు పూడుస్తామండి బాబూ, పెట్టమండి" అన్నాడు. విషయం చెప్పాక ఆయనకే హుషారొచ్చింది. మేం చేసిన వరుస ఇది:

1. చోటు: లోపల క్యాబిన్ లైట్ ఊడదీశాం. ఆ సందులోంచి చెయ్యి పెడితే రూఫ్ లైనింగ్ మొత్తం దించక్కర్లేదు. పైన రేకుకి అడ్డంగా ఉండే పట్టీలు ఎక్కడున్నాయో తడిమి చూసి, వాటికి దూరంగా, ఎడమ-కుడి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాం. సన్‌రూఫ్ ఉన్న బండి అయితే ఈ ప్రాజెక్ట్ మర్చిపోండి.

2. చిల్లు: మాస్కింగ్ టేప్ అంటించి, సెంటర్ పంచ్ కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్, తర్వాత 19 మిల్లీమీటర్ల హోల్ సా. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. గట్టిగా నొక్కితే బిట్ ఒక్కసారిగా దిగిపోయి లైనింగ్‌ని చీల్చేస్తుంది. అందుకే కింద ఒక చెక్కముక్క అడ్డం పెట్టాం.

3. శుభ్రం: ఇనుప రజను మొత్తం తీసేయాలి. ఒక్క రాత్రి మంచు తగిలితే చాలు, ప్రతి రవ్వా పెయింట్ మీద తుప్పు మచ్చ అవుతుంది.

4. పెయింట్: చిల్లు అంచుకి ఆకురాయి పట్టి, ప్రైమర్, టచప్ పెయింట్ వేసి ఆరనిచ్చాం. కోనసీమ ఉప్పు గాలిలో ఈ స్టెప్ వదిలేస్తే తర్వాత చేసేదంతా వేస్ట్. అయితే రేకు అడుగున, మౌంట్ పళ్లు కరిచే చోట మాత్రం పెయింట్ గీకి ఇనుము బయటపెట్టాలి. గ్రౌండ్ దొరికేది అక్కడే.

5. బిగింపు: ఓ-రింగ్‌కి పల్చగా సిలికాన్ గ్రీజు రాసి రింగ్ బిగించాం. వెనిగర్ వాసన వచ్చే సీలెంట్ వాడకండి, అది లోహాన్ని తినేస్తుంది.

6. కేబుల్: వెనక పిల్లర్ లోంచి కిందికి దించి, డోర్ దగ్గర ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి ముందు సీటు దాకా తెచ్చాం. మాది పాత హ్యాచ్‌బ్యాక్. మీ బండికి కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటే, వాటి ముందు నుంచి కేబుల్ లాగొద్దు. ప్రమాదంలో అవి తెరుచుకోవడానికి అడ్డం పడుతుంది. తెలియకపోతే సర్వీస్ సెంటర్‌లో అడగండి. రేడియో పవర్ నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుని, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టండి.

ట్యూనింగ్

యాంటెన్నా పెట్టకముందే మల్టీమీటర్‌తో చూశాను. కేబుల్ పై అల్లికకి, కారు బాడీకి మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. లోపలి వైరుకి, అల్లికకి మధ్య అసలు కనెక్షన్ ఉండకూడదు. రెండూ సరిపోయాయి.

మన దేశంలో 2 మీటర్ బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు. 145 దగ్గర తరంగం పొడవు దాదాపు 2.07 మీటర్లు. అందులో నాలుగో వంతు, రాడ్ విషయంలో కాస్త తగ్గించుకుంటే, 49 సెంటీమీటర్లు. నేను 52 దగ్గర మొదలుపెట్టాను. నానోవీఎన్‌ఏలో రెజొనెన్స్ 137 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. కొంచెం కొంచెం కత్తిరిస్తూ 49కి వచ్చేసరికి 145 దగ్గర కూర్చుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4. "1.0 రాలేదేంటి?" అని కంగారు పడకండి. చదునైన రేకు మీద క్వార్టర్ వేవ్ ఇంపిడెన్స్ దాదాపు 36 ఓమ్‌లు, కేబుల్‌ది 50. ఆ రెండింటి నిష్పత్తే 1.4. వెనక్కి తిరిగొచ్చే పవర్ 3 శాతం లోపే. ఒక్క మాట: కత్తిరించింది మళ్లీ అతుక్కోదు, తొందరపడకండి.

రిజల్ట్

అమలాపురంలో ఫ్రెండ్ మేడ మీద యాంటెన్నా ఉంది. ఇదివరకు కారులో కూర్చుని హ్యాండ్‌సెట్‌తో మాట్లాడితే, అంబాజీపేట దాటేసరికి మాట ముక్కలయ్యేది. ఇప్పుడు కొత్తపేట దాకా స్పష్టంగా వినిపించింది, ఆ తర్వాత గుర్రుమనే హిస్ మిగిలింది. లెక్క చెప్పిన 19 కిలోమీటర్లకి ఇది దగ్గరే. ఇందులో 25 వాట్ల రేడియో వాటా కూడా ఉంది. కాబట్టి క్రెడిట్ అంతా చిల్లుకే ఇవ్వను.

మరి ఇది అందరికీనా? కాదు. బండి వారంటీలో ఉంటే, ఏడాదిలో అమ్మేద్దామనుకుంటే, నెలకి ఒకసారే రేడియో వాడితే మ్యాగ్నెట్ మౌంటే బెటర్, వారానికోసారి తీసి కింద తుడుచుకోండి చాలు. బండి మీదే, ఇంకా చాలా ఏళ్లు ఉంచుకుంటారు, వాన వచ్చినా పనిచేయాలి అనుకుంటే మాత్రం ధైర్యంగా చిల్లు పెట్టండి. ఉరుములు మెరుపుల్లో మాత్రం రేడియో ముట్టుకోకండి.

మొన్న వాయుగుండంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. పొద్దున్నే నాన్న నాకంటే ముందు లేచి, కారులో దూరి, క్యాబిన్ లైట్ చుట్టూ లైనింగ్ తడిమి చూశారు. పొడిగా ఉంది. ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం అడిగారు: "ఆ పరీక్షకి వయసు లిమిట్ ఏమైనా ఉందేంట్రా?"