ఒప్పేసుకున్నాక ఇంకేం మిగులుతుంది?

శనివారం అర్ధరాత్రి దాటాక మా రూమ్మేట్ నుంచి ఫోన్. ‘మామా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికా. మెషీన్‌లో 71 చూపించింది. క్యాబ్‌లో రా, బండి తీసుకెళ్లాలి’ అన్నాడు. తాగింది రెండు బీర్లేనట. (హైదరాబాద్‌లో దొరికిన ప్రతివాడూ రెండు బీర్లే తాగి ఉంటాడు. ఆ మూడో బీరు ఎవరు తాగుతున్నారో నాకిప్పటికీ తెలీదు.)

వెళ్లా. బండి నేనే ఇంటికి తెచ్చా. తాగి దొరికాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని, తాగని మనిషి వస్తే అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులోనే చెప్పిందని తర్వాత చదివా. ఆ రాత్రి మాత్రం ‘బండి ఇచ్చారు, అదే పదివేలు’ అనుకున్నాం.

మావాడు దీన్ని చలానా లాంటిదే అనుకున్నాడు. కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. ఫోన్‌లో కట్టేసి మర్చిపోయే సీన్ లేదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే.

కౌన్సెలింగ్ అయ్యాక కోర్టు. పొద్దున్నే వెళ్తే అప్పటికే పెద్ద లైను, ఎక్కువమంది బైకులవాళ్లే. లైన్లో అందరి నోటా ఒకటే సలహా: ‘ఒప్పేసుకో. వాదిస్తే సంవత్సరం తిరగాలి. ఫైన్ కట్టి లంచ్‌కి ఆఫీసులో ఉండు.’ మావాడి ముందు ఒక డెలివరీ కుర్రాడు నిలబడ్డాడు. కంపెనీ టీ షర్ట్ తిరగేసి వేసుకున్నాడు. ‘లైసెన్స్ తీస్కుంటరా అన్నా?’ అని రెండుసార్లు అడిగాడు. ఎవరికీ తెలీదు.

ఇద్దరూ ఒప్పుకున్నారు. నిమిషం కూడా పట్టలేదు. ఇద్దరికీ రెండు రోజుల జైలు, జరిమానా, ఆరు నెలలు లైసెన్స్ రద్దు. మావాడు లంచ్‌కి వ్యాన్లో ఉన్నాడు.

ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర పట్టలేదు. చట్టం తెరిచి కూర్చున్నా. డాక్యుమెంటేషన్ చదవడం మన పనే కదా, అయితే ఇంత తలనొప్పి డాక్యుమెంటేషన్ నేనెప్పుడూ చూళ్లేదు. ముందు తగిలింది చేదు విషయమే. నేరం ఒప్పుకుంటే, ‘నేను చెయ్యలేదు’ అని పైకోర్టుకు అప్పీల్ వేసే దారి దాదాపు మూసుకుపోతుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 416వ సెక్షన్, పాత సీఆర్పీసీలో 375. మెషీన్ సరిగా పనిచేసిందా, టెస్ట్ ఎలా చేశారు లాంటి ప్రశ్నలన్నీ ఒప్పుకున్న నిమిషంలోనే పోయాయి.

కానీ అదే సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. శిక్ష ఎంత, అది చట్టప్రకారం ఉందా అన్న రెండింటి మీద మాత్రం అప్పీల్ వేయొచ్చు. సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లోపు. అంటే ‘తాగాను, తప్పే. కానీ మొదటి తప్పుకి ఇంత శిక్ష ఎందుకు?’ అని అడగొచ్చు.

చిక్కల్లా టైమ్‌తోనే. రెండు రోజుల శిక్షకి అప్పీల్ రెడీ అయ్యేలోపు శిక్షే అయిపోతుంది. దానికీ ఒక లైన్ రాసిపెట్టారు. బెయిల్ మీద ఉన్న మనిషి ‘అప్పీల్‌కి వెళ్తాను’ అని అక్కడికక్కడే చెబితే, అప్పీల్ వేసుకునేంత గడువు ఇచ్చి శిక్ష వేసిన కోర్టే అతన్ని బయట ఉంచాలి, వద్దనడానికి ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప. 430వ సెక్షన్. ఆ రోజు లైన్లో ఉన్నవాళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. అనొచ్చని తెలిస్తే కదా.

అప్పీల్‌కి వెళ్తే కోపమొచ్చి శిక్ష పెంచేస్తారేమో అని మావాడి భయం. ముద్దాయి తన శిక్ష మీద తాను వేసుకున్న అప్పీల్‌లో కోర్టు దాన్ని పెంచకూడదు. ప్రభుత్వం వేస్తే మాత్రం వేరే సంగతి. పంజాబ్‌లో నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో చావులకు కారణమైన ఒక కేసులో కింది కోర్టు ఏడాది శిక్ష వేస్తే, హైకోర్టు ‘జైల్లో ఉన్న 24 రోజులు చాలు’ అంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015లో సుప్రీం దాన్ని ఆరు నెలలు చేసింది. పరిహారం కట్టేశాడు కదా అని వదిలేస్తే చనిపోయినవాళ్ల ఇంటికి ఏం సమాధానం చెప్తాం? నాకైతే ఆ తీర్పు న్యాయంగానే అనిపించింది. మావాడు ఎవర్నీ గుద్దలేదు, అది అదృష్టం. గొప్పతనం మాత్రం కాదు. ఆ మాట వాడి మొహం మీదే అన్నా.

నన్ను లేచి కూర్చోబెట్టింది వేరే సెక్షన్. 185 కింద శిక్ష పడితే లైసెన్స్ కనీసం ఆరు నెలలు పోవాలని 20వ సెక్షన్ అంటుంది. అదే సెక్షన్‌లో ఆరో క్లాజు ఉంది: శిక్ష మీద అప్పీల్ లేని కేసుల్లో కూడా, లైసెన్స్ రద్దు ఉత్తర్వును పైకోర్టు మార్చొచ్చు, పూర్తిగా తీసేయొచ్చు. జైలు, జరిమానా ఒక లెక్క, లైసెన్స్ ఇంకో లెక్క. నాలాంటివాడికి లైసెన్స్ పోతే మెట్రో ఉంది, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది. ఆ కుర్రాడికి మాత్రం లైసెన్సే జీతం. కాగితం మీద ఇద్దరికీ ఒకటే శిక్ష.

మొదటిసారి దొరికినవాళ్లకి ప్రొబేషన్ చట్టం కూడా ఉంది, 1958 నాటిది. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో కోర్టు మందలించి వదిలేయొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. కానీ అడగాలి.

మావాడు బయటికొచ్చాక ఇవన్నీ చెప్పా. ‘నాకొద్దురా బాబూ, మళ్లీ ఆ మెట్లెక్కను’ అన్నాడు. ఆరు నెలలూ మెట్రో పాస్‌తో గడిపేస్తాడట. అయితే వ్యాన్లో ఆ డెలివరీ కుర్రాడి నంబర్ తీసుకున్నాడు, అదొక్కటీ మంచి పని చేశాడు. ఫోన్ చేశాం. లాయర్‌కి డబ్బుల్లేవన్నాడు. ఆదాయం తక్కువున్నవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఉచితంగా ఇస్తుంది. ఆఫీసు ఎక్కడో కాదు, మేం లైన్లో నిలబడ్డ కోర్టు ఆవరణలోనే ఉంది. బోర్డు కనిపించేలా ఉంది కూడా. ఆ రోజు మా చూపు అటు పోలేదు.

30 రోజుల గడువులో 26వ రోజున అప్పీల్ పడింది. లైసెన్స్ గురించి మాత్రమే. వాయిదా వచ్చే నెల. అప్పటిదాకా వాళ్ల బావ కిరాణా కొట్లో మూటలు దించుతున్నాడు.