ఊపిరితిత్తి ఆపరేషన్: లోపలికి ఏ దారిన?

ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి అనగానే ఇంట్లోవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు: ప్రమాదమా, ఖర్చెంత? సర్జన్ గారు లోపలికి ఏ దారిన వెళ్తారని అడిగేవారు అరుదు. కానీ ఆ తర్వాత నెలల తరబడి మనిషి ఎలా తిరుగుతాడు, ఎలా నిద్రపోతాడు అన్నది చాలావరకు ఆ దారిని బట్టే ఉంటుంది.

పాత పద్ధతిలో చంక కింద నుంచి వీపు వైపు జానెడు కోత పెట్టి, రెండు పక్కటెముకల మధ్య ఉక్కు పరికరం పెట్టి ఎడం చేస్తారు. దీన్ని థొరకాటమీ అంటారు. ప్రతి పక్కటెముక కింది అంచు వెంట ఒక నరం ఉంటుంది. ఎముకలను ఎడం చేసినప్పుడు అది నలగవచ్చు. అందుకే కుట్లు మానాక కూడా కొందరికి రొమ్ము కింద మంట, తిమ్మిరి, చొక్కా తగిలినా ఓర్చుకోలేని బాధ. పైకి మచ్చ తప్ప ఏమీ కనిపించదు కాబట్టి "ఇంకా ఏం నొప్పి?" అంటుంటారు చుట్టాలు. అది నరం నొప్పి. మామూలు నొప్పి మాత్రలకు లొంగకపోవచ్చు. దానికి వేరే మందులున్నాయి, డాక్టరుకు చెప్పాలి.

నొప్పి నొప్పితోనే ఆగదు. దానికి భయపడి గట్టిగా దగ్గడం, లోతుగా ఊపిరి తీయడం మానేస్తారు. కఫం లోపలే నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది.

కీహోల్ పద్ధతిలో ఒకటి నుంచి నాలుగు చిన్న కోతలతో, కెమెరా సాయంతో పని ముగిస్తారు. ఎముకలను ఎడం చేయరు. బ్రిటన్‌లో 503 మంది రోగులతో ఈ రెండింటినీ పోల్చి చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. కీహోల్ వాళ్ళు సగటున నాలుగో రోజున ఇంటికి వెళితే, రెండో వర్గం అయిదో రోజున వెళ్ళారు. అయిదు వారాలకు పనులు చేసుకునే శక్తి కూడా కీహోల్ వాళ్ళకే మెరుగు. కేన్సర్‌ను తొలగించడంలో తేడా రాలేదు. అలాగని నొప్పే ఉండదనుకోకూడదు. కోత చిన్నదైనా నరం ఒత్తుకోవచ్చు. ఛాతీలో పెట్టిన గొట్టం తీసేదాకా అదీ బాధే. రోబో ఆపరేషన్ కూడా ఈ కోవదే, నడిపేది సర్జనే.

మన దేశంలో ఒక చిక్కుంది. ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినవారిలో ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు, లేదా రక్తస్రావం ఎక్కువైతే, కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోతకు మారతారు. అది సర్జన్ ఓటమి కాదు, జాగ్రత్త. ఆ అవకాశం ఎంత, పెద్ద కోత పడితే నొప్పికి నరాల దగ్గర మందు ఇస్తారా అని ముందే అడిగి ఉంచుకోండి. ఆఫీసుకు సెలవు ఎన్నాళ్ళు పెట్టాలన్నది కూడా దీన్ని బట్టే తేలుతుంది.

ఇంటికొచ్చాక నొప్పి మాత్ర వేళకు ఇవ్వండి. పంటి బిగువున ఓర్చుకోవడం ఇక్కడ గొప్పతనం కాదు. దగ్గేటప్పుడు దిండును కోత మీద అదిమి పట్టుకోమనండి. మూడు బంతుల ఊపిరి పరికరాన్ని అలమారలో పెట్టేయకుండా చెప్పినన్నిసార్లు వాడించండి. ఆ వైపు భుజాన్ని కదపకపోతే బిగుసుకుపోతుంది, వ్యాయామం చేయించండి. జ్వరం, చీము, ఉన్నట్టుండి ఆయాసం కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు.