గేదె రక్తపరీక్ష చెప్పేది ఎంతవరకు నమ్మాలి?



2025 ఫిబ్రవరి గుర్తుందా? తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు కోళ్ల ఫారాల శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు వెళ్లాయి. బర్డ్ ఫ్లూ అని రిపోర్టు వచ్చింది. ఫారం చుట్టూ కిలోమీటరు వరకు కట్టడి, పది కిలోమీటర్ల వరకు నిఘా. చాలా ఇళ్లలో చికెన్ కొనడమే మానేశారు. అక్కడ కోళ్లు చచ్చిపోతుంటే అందరికీ కనిపించింది కాబట్టి అనుమానం వచ్చింది. మరి పశువు చక్కగా మేస్తూ, పాలిస్తూనే జబ్బు మోస్తుంటే?

బ్రూసెల్లోసిస్ అలాంటి జబ్బు. చూడి గేదె చివరి నెలల్లో ఈసుకుపోతుంది. ఆ తర్వాత మామూలుగానే ఉంటుంది. కానీ దాని పాలలో ఆ సూక్ష్మజీవి ఉండొచ్చు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లిన పిల్లలకు తాతగారు ప్రేమగా ఇచ్చే గుమ్మపాలతో వచ్చే చిక్కు ఇదే.

పైకి కనిపించని ఈ జబ్బును మొదట బయటపెట్టింది రక్తపరీక్షే. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు వారాల తరబడి జ్వరంతో మంచం పట్టేవారు. 1905లో థెమిస్టోక్లీస్ జామిట్ అనే డాక్టరు అక్కడి మేకల రక్తాన్ని పరీక్షిస్తే, నిగనిగలాడుతున్న మేకల్లోనే జబ్బు ఆనవాళ్లు దొరికాయి. మరుసటి ఏడాది సైన్యం మేకపాలు ఆపేసింది. జ్వరాలూ తగ్గిపోయాయి.

ఇప్పుడు ఎక్కువగా చేసేది రోజ్ బెంగాల్ పరీక్ష. పలక మీద పశువు సీరం ఒక చుక్క, గులాబీ రంగు వేసిన చచ్చిన బ్రూసెల్లా క్రిముల ద్రావణం ఒక చుక్క కలుపుతారు. సీరంలో యాంటీబాడీలు ఉంటే నాలుగు నిమిషాల్లో రవ్వరవ్వగా గడ్డకడుతుంది. చవకైనది, పశువుల మకాం దగ్గరే చేసేయొచ్చు.

ఇబ్బంది ఏమిటంటే, ఇది చూసేది క్రిమిని కాదు, క్రిమిపై శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలను. పోలికలున్న వేరే క్రిమి సోకినా గడ్డకట్టొచ్చు. ఎస్-19 టీకా వేసినా కట్టొచ్చు. అందుకే 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఈ టీకాను నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకే, జీవితంలో ఒక్కసారే వేస్తారు. పెద్దయ్యేసరికి టీకా యాంటీబాడీలు చాలావరకు తగ్గిపోతాయి. చెవికి వేసే 12 అంకెల ట్యాగు ఉన్నది ఏ దూడకు టీకా పడిందో తెలియడానికి కూడా.

ఇక ఈ లెక్క మీ ఎనిమిదో తరగతి పిల్లల చేత వేయించండి. ఊళ్లో 1000 గేదెలు, వాటిలో 10కి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. జబ్బున్న 10లో తొమ్మిదో, పదో దొరుకుతాయి. ఆరోగ్యంగా ఉన్న 990లో దాదాపు 50కి కూడా ‘పాజిటివ్’ వస్తుంది! మొత్తం 60 పాజిటివ్‌లలో 50 ఉత్తవే. 95 శాతం అంటే గొప్పగా అనిపిస్తుంది కానీ, ఆ మాట మీదే గేదెను అమ్ముకుంటే ఆరు ఇళ్లలో ఐదు అన్యాయంగా పాడిని పోగొట్టుకున్నట్టే. అందుకే పాజిటివ్ వచ్చినవాటికి ఎలీసా వంటి రెండో పరీక్ష చేస్తారు. ఒక్క పరీక్షతో తేల్చేయమని పశువైద్యుణ్ణి తొందరపెట్టకూడదు.

మన వంతు పని సులువే. పాలు పొంగేదాకా కాచాలి, జబ్బున్న గేదె పాలైనా అప్పుడు భయం లేదు. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను పిల్లలు తాకకుండా చూడాలి. పెద్దలైనా చేతి తొడుగులు వేసుకోవాల్సిందే. ఊరెళ్లొచ్చాక పిల్లలకు వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు ఉంటే, పచ్చిపాలు తాగిన సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పండి. మనుషులకూ ఈ జబ్బుకు రక్తపరీక్ష ఉంది, అడిగితేనే రాస్తారు.