కటక పరీక్ష

ఆడలేక మద్దెల ఓడన్నదట! ఈ సామెతను తరగతిలో ఎన్ని మార్లు వివరించినానో లెక్కలేదు. అది నాకే వర్తిస్తుందని మాత్రం లేపాక్షి వెళ్లివచ్చే దాకా తెలియలేదు.

విద్యార్థులను వెంటబెట్టుకొని విహారయాత్రకు బయలుదేరే ఉపాధ్యాయుని పాట్లు అందరూ ఎరిగినవే. ఒక చేత పిల్లల పట్టీ, మరొక చేత మంచినీళ్ల సీసా. ఇక గుడి ముంగిట నిలిచి కెమెరాకు కటకాలు మార్చే తీరిక ఎక్కడిది? అందువలన యాత్రికుల కోసమే తయారైన జూమ్ లెన్సు ఒకటి కొన్నాను. దాని నాభ్యంతరం 18 మిల్లీమీటర్ల నుండి 200 దాకా మారుతుంది. గోపురమంతా పట్టే విశాల దృశ్యమూ, గోపురాగ్రాన వాలిన చిలుకా ఆ ఒక్క గొట్టంతోనే చిత్రించవచ్చునన్న మాట.

లేపాక్షి వీరభద్రాలయంలో, నాట్యమండపం పైకప్పు మీద, 16వ శతాబ్దినాటి విజయనగర చిత్రకారులు వేసిన వర్ణచిత్రాలున్నవి. కిరాతార్జునీయ గాథ వాటిలో ఒకటి. కొన్ని చోట్ల గచ్చు రాలి, రంగు వెలసి, బొమ్మలు చెరిగిపోయినవి. మిగిలిన వాటినైనా చిత్రాలుగా తీసి బడి గోడకు పెద్దపటం అమర్చవలెనని మా తొమ్మిదవ తరగతి పిల్లల కోరిక. మెడ వెనుకకు వాల్చి, కెమెరా పైకెత్తి, జూమును 200 దాకా సాచి 30 చిత్రాలు తీసినాను. ఇంటికి వచ్చి చూతును గదా, స్త్రీమూర్తుల చీర అంచులలోని సన్నని గీతలన్నీ అలికినట్లున్నవి. ఒక్కొక్క కనుబొమ రెండుగా కనబడుతున్నది.

“పాడు లెన్సు! దుకాణదారునికి తిరిగి ఇచ్చివేస్తాను” అన్నాను. ఒక అమ్మాయి మెల్లగా అడిగినది: “మాస్టారూ, తప్పు లెన్సుదేనని ఎట్లా తెలిసిందండీ?”

నా వద్ద జవాబు లేదు.

నిజానికి నా అనుమానం బొత్తిగా నిరాధారం కాదు. గాజు కటకం ఏదైనను పుట్టుకతోనే కొన్ని దోషాలు గలది. ప్రతిబింబాన్ని చెడగొట్టే ఆ దోషాలను 19వ శతాబ్ది మధ్యలో జైడెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఐదు తెగలుగా విభజించి చూపినాడు. రంగులు విడిపోవుట వేరొక దోషం. నాభ్యంతరం మారని కటకంలో వీటిని ఒక్క స్థితికి సవరిస్తే చాలును. జూములోనో, గాజులు ముందు వెనుకలకు జరుగుతున్న కొద్దీ సవరణ చెదరిపోతూ ఉంటుంది. నిశ్చల చిత్రాల 35 మి.మీ. కెమెరాకు 1959లో వచ్చిన తొలి జూము, ఫోక్ట్‌లాండర్ వారి జూమార్, 36 నుండి 82 మి.మీ. వరకే సాగేది. 1992లో టామ్రాన్ వారు 28 నుండి 200 వరకు సాగే చిన్న కటకాన్ని తెచ్చినారు. ఇటువంటి కటకాలలో నేడు 15, 16 గాజులు కూడ ఉంటవి. ఇన్ని పనులు ఒకరికే అప్పగించినప్పుడు ఎక్కడో ఒకచోట రాజీ తప్పదు. అయితే అనుమానం వేరు, రుజువు వేరు.

కనుక మా బడి వరండాయే ప్రయోగశాల అయినది. నాలుగు దినపత్రికలు విప్పి, ముడుతలు లేకుండ గోడకు అంటించినాము. తెలుగు అక్షరాలను మించిన పరీక్షాపత్రం వేరొకటి అక్కరలేదు. ‘ర’కూ ‘ఠ’కూ భేదం నడుమనున్న చుక్క. ‘ప’కూ ‘ఫ’కూ, ‘ద’కూ ‘ధ’కూ భేదం అడుగున చిన్న గీత. ఉపశీర్షికలలో ఆ చుక్కా, ఆ గీతా విడిగా కనబడితే కటకం ఉత్తీర్ణమైనట్లు. అవి లీలగా కనబడినా నలుపు బూడిదవన్నెకు తిరిగితే సగం మార్కులే. సూక్ష్మాంశాలను విడదీసే శక్తి ఒకటి, నలుపు తెలుపుల భేదాన్ని నిలిపే శక్తి ఒకటి. ఈ రెండూ కలిసినదే స్పష్టత.

పత్రికల నడుమ గోడకు చిన్న అద్దం ఆనించినాము. కెమెరాలో చూసినప్పుడు కటకం తన ప్రతిబింబాన్ని సరిగా నడిమధ్యనే చూసుకొంటే కెమెరా గోడకు సమాంతరంగా ఉన్నట్లు. అది లేకుంటే మూలలు మసకబారుటకు కారణం కటకమో, మన వంకరో తెలియదు. కెమెరాను ముక్కాలిపీటపై బిగించి, అదిరింపును అణచే మీటను కట్టివేసి, మీట నొక్కిన రెండు సెకండ్ల తరువాత చిత్రం పడేటట్లు ఏర్పాటు చేసినాము. 18 దగ్గర గోడకు గజం పైచిలుకు దూరాన, 200 దగ్గర వరండా ఆ చివరన నిలిచి, ప్రతిసారీ అవే నాలుగు పత్రికలు చట్రంలో పట్టేటట్లు చూసినాము. ద్వారాన్ని పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్ 8 వద్ద ఒకటి, ఎఫ్ 22 వద్ద ఒకటి.

ఫలితాలు పిల్లలే పట్టికగా వ్రాసినారు. 18 నుండి 100 దాకా నడుమ అక్షరాలు నిక్కచ్చిగా ఉన్నవి. 18 దగ్గర, ద్వారం తెరిచినప్పుడు నాలుగు మూలలూ ఒకే తీరున మసక. ఒక్క మూలయే చెడి ఉంటే లోపలి గాజు పక్కకు ఒరిగినదని శంకించవలసి వచ్చేది. 200 వద్ద ఎఫ్ 5.6తో ‘ఠ’లోని చుక్క పూడిపోయినది, ఎఫ్ 8తో మరల తేలినది. ఎఫ్ 22తో అంతటా మసక! ఇది కటకపు దోషం కాదు, కాంతి స్వభావం. ఇరుకు ద్వారం గుండా పోయే కాంతి వివర్తనం వలన పరచుకొంటుంది. ఆకుపచ్చని కాంతి బిందువు ఎఫ్ 8 వద్ద సుమారు 0.011 మి.మీ. మచ్చగా పడితే, ఎఫ్ 22 వద్ద 0.03 మి.మీ. మచ్చ అవుతుంది. ఎంత ఖరీదైన కటకానికైనా ఈ శిక్ష తప్పదు.

చివరకు అసలు పరీక్ష. పీట తొలగించి, లేపాక్షిలో వలెనే 200 వద్ద, సెకనులో 20వ వంతు కాలంతో, చేతితో పట్టి తీసినాను. ‘ఠ’ మాట దేవుడెరుగు, శీర్షికలే రెండేసి వరుసలైనవి. ఆ నాభ్యంతరానికి మా కెమెరాతో చేతిలో నిలుపుటకు సెకనులో 300వ వంతు కావలెనని వాడుకలోని లెక్క. అదిరింపును అణచే ఏర్పాటు కొంత ఆదుకొంటుంది గాని, మెడ విరిచి పైకెత్తిన చేతులను ఎంతని మోయగలదు? కటకానికి దోషం ఉన్నది, నిజమే. నా చిత్రాలను చెడగొట్టినది అది కాదు.

మరొక మాట. చిత్రాన్ని కంప్యూటరు తెరమీద నూటికి నూరు పాళ్లు పెంచి చూసి దిగులుపడే వారున్నారు. 6000 చుక్కల వెడల్పు గల చిత్రాన్ని అంగుళానికి 96 చుక్కలు గల తెరమీద అట్లు చూచుట, ఐదడుగుల పటాన్ని మూరెడు దూరాన నిలిచి చూచుటయే. అదే చిత్రాన్ని 20 అంగుళాల పటంగా అచ్చువేస్తే, అంగుళానికి 300 చుక్కలు వస్తవి. చూడవలసిన పరిమాణంలో, చూడవలసిన దూరం నుండి చూచుటయే న్యాయం.

మరుసటి సెలవుకు మరల లేపాక్షి వెళ్లినాము. ఈసారి తువాలు మడిచి నేలమీద పరచి, కెమెరాను దానిపై వెల్లకిలా పడుకోబెట్టినాను. 100 మి.మీ., ఎఫ్ 8, ఒకటిన్నర సెకండ్ల పైచిలుకు. పిల్లలు ఊపిరి బిగబట్టి చుట్టూ నిలిచినారు. చీర అంచు గీతలు ఒక్కొక్కటి లెక్కకు వచ్చినవి. రాలిన గచ్చు అంచు కూడ అంతే స్పష్టంగా వచ్చినది. అది చూసి సంతోషించవలెనో విచారించవలెనో తెలియలేదు.

ఆ పటం ఇప్పుడు మా తొమ్మిదవ తరగతి గోడమీద ఉన్నది. కటకాన్ని దుకాణదారునికి తిరిగి ఇవ్వలేదు. ఆ సామెతను మాత్రం ఇప్పుడు తరగతిలో కొంచెం తక్కువ స్వరంతో చెబుతున్నాను.