వుడ్ పెల్లెట్స్ కొనాలా? కిలో రేటు కాదు, బకెట్ రేటు చూడండి

యూరప్‌లో ఇల్లంతా వెచ్చగా ఉంచడానికి వాడే వుడ్ పెల్లెట్స్ మనకీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు చలికాలంలో మనకు కావాల్సింది రూమ్ హీటింగ్ కాదు, పొద్దున్నే ఒక బకెట్ వేడినీళ్లు. లెక్క దానికే వేద్దాం.

20 లీటర్ల నీళ్లను 20 నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే సుమారు 2.1 మెగాజౌల్స్ వేడి కావాలి. హీటర్ రాడ్‌కి దాదాపు 0.6 యూనిట్ కరెంట్. యూనిట్ 5 రూపాయలనుకుంటే ఖర్చు 3 రూపాయలే. కిలో పెల్లెట్స్‌లో సుమారు 16 మెగాజౌల్స్ ఉంటాయి. ఫ్యాన్ ఉన్న పొయ్యిలో కూడా గిన్నెకి చేరేది 35 శాతం అనుకుందాం. అంటే బకెట్‌కి 375 గ్రాములు. కిలో 8 రూపాయలు దాటిందంటే రాడ్ గెలిచినట్టే. 5 కిలోల ప్యాక్ డెలివరీతో కలిపి 200 పడితే బకెట్‌కి 15 రూపాయలు! గ్యాస్ సిలిండర్ 900 అనుకున్నా బకెట్‌కి 5 లోపే అవుతుంది.

పత్తికట్టె ఊరికే దొరికే ఇళ్లలో అయితే ఈ డౌటే రాదు.

పెల్లెట్స్ దండగ అని కాదు. బొగ్గుతో పాటు బయోమాస్ పెల్లెట్స్ 5 శాతం కలపాలని కేంద్రం 2021లో థర్మల్ ప్లాంట్లకు చెప్పింది. టన్నుల్లో కొనే చోట లెక్క వేరు.

ఇంకా కొనాలనిపిస్తే పొయ్యి బయటే పెట్టండి. తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.