కంప్యూటరులో గాజుల కొట్టు

పిల్లలూ! గాజు కొలత 2-8 అంటే ఎన్ని అంగుళాలు? "ఇంకెంత, 2.8 అంగుళాలు!" అని చటుక్కున చెప్పేశారా? ఆ లెక్కన గాజు చేయిస్తే అది మీ అమ్మ చేతి నుంచి జారిపోతుంది సుమా!

హైదరాబాదులో చార్మినార్‌కు పడమటి పక్కన మొదలయ్యే లాడ్ బజార్‌లో ఏ గాజుల కొట్టువారిని అడిగినా చెబుతారు. 2-8 అంటే రెండున్నర అంగుళాలు. గీతకు ఎడమవైపు ఉన్నవి నిండు అంగుళాలు. కుడివైపు ఉన్నవి అంగుళంలో పదహారో వంతులు. పూర్వం రూపాయికి పదహారణాలు ఉండేవి కదా! రెండు రూపాయల ఎనిమిది అణాలు అంటే రెండున్నర రూపాయలు. ఇదీ అంతే. 1957లో దశాంశ నాణేలు వచ్చి అణాల లెక్క పోయింది. గాజుల కొలతలో మాత్రం ఆ పదహారు ఇంకా నిలిచే ఉంది.

ఈ చిన్న గీత ఒక కంప్యూటరు ప్రోగ్రామును ఎలా తికమక పెడుతుందో, ఆ పొరపాటు కొనేవారి దాకా పోకుండా ఇంట్లోనే ఎలా పట్టుకోవచ్చో ఇప్పుడు చూద్దాం.

అడిగేవారు, ఇచ్చేవారు, దాచేవారు

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. దాని పక్కనే ఉన్న లాడ్ బజార్‌ను చూడీ బజార్ అని కూడా అంటారు. చూడీ అంటే గాజు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి ఒక చిన్న కొట్టువారు దూరాన ఉన్నవారికి కూడా గాజులు అమ్మాలనుకున్నారనుకోండి. అందుకు ఒక వెబ్ అప్లికేషను కావాలి.

అందులో ముఖ్యంగా ముగ్గురు పనివాళ్ళు ఉంటారు. మొదటిది బ్రౌజరు. ఇది కొనేవారి ఫోనులో ఉండి "2-8 కొలతలో ఎర్ర గాజులు చూపించు" అని అడుగుతుంది. రెండవది సర్వరు. అడిగినదానికి జవాబు తయారు చేసి పంపుతుంది. మూడవది డేటాబేసు. ఏ గాజులు ఎన్ని ఉన్నాయో, ఎవరికి ఏవి పంపాలో గుర్తుపెట్టుకునే గిడ్డంగి ఇదే.

మరి ప్రోగ్రాము రాయగానే నేరుగా ఇంటర్నెట్టులో పెట్టేస్తే ఏం? తప్పు కొలత చూసి ఎవరో పెళ్ళి గాజులు తెప్పించుకుంటారు. అవి చేతికి పట్టవు. పెట్టె తిరిగి వస్తుంది. రానూ పోనూ ఖర్చు కొట్టువారిదే. పెళ్ళి ముహూర్తం మాత్రం ఆగదు కదా!

గాజులు చేసేవారి పనినే గమనించండి. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. రాళ్ళు అద్దేదీ వేడి ఉన్నప్పుడే. చల్లారిన లక్కను వంచబోతే విరుగుతుంది. ప్రోగ్రామును కూడా మెత్తగా ఉన్నప్పుడే, అంటే జనం చేతికి వెళ్ళకముందే, సరిచేసుకోవాలి. అందుకు మన కంప్యూటరులోనే ఏర్పాటు చేసుకునే చోటును "లోకల్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్" అంటారు. పేరు చూసి బెదిరిపోకండి. పహిల్వాన్లకు తాలింఖానా ఎలాంటిదో ప్రోగ్రాములకు ఇది అలాంటిది.

తనతో తానే మాట్లాడుకునే కంప్యూటరు

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. వాటిలో 127.0.0.1 అనేది ఒక ప్రత్యేకమైన చిరునామా. దీని పేరు లోకల్‌హోస్ట్. "నేనే" అని దీని అర్థం. ఈ చిరునామాకు పంపిన సందేశం తీగలోకి గాని, వైఫైలోకి గాని వెళ్ళదు. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని లోపలే వెనక్కి మళ్ళిస్తుంది. అంటే ఒకే కంప్యూటరులో బ్రౌజరు అడుగుతుంది, సర్వరు జవాబిస్తుంది. ఇంటర్నెట్టు లేకపోయినా ఈ సంభాషణ ఆగదు.

ఒకే కంప్యూటరులో చాలా ప్రోగ్రాములు ఉంటాయి కదా, సందేశం ఎవరికో ఎలా తెలుస్తుంది? చార్మినార్ చిరునామా ఒకటే అయినా దానికి నాలుగు దిక్కులా నాలుగు కమానులు ఉన్నాయి. కంప్యూటరుకు ఉన్న అలాంటి ద్వారాలను పోర్టులు అంటారు. 1 నుంచి 65,535 వరకు వాటికి సంఖ్యలు ఉంటాయి. ఏ సర్వరు ఏ పోర్టు దగ్గర కూర్చుందో చెబితే చాలు, సందేశం సరిగ్గా అక్కడికే చేరుతుంది.

ఏమేమి సమకూర్చుకోవాలి?

ముందుగా ప్రోగ్రాము రాసే భాష కావాలి. మనం పైథాన్ తీసుకుందాం. వెబ్ పనులు తేలిక చేయడానికి ఫ్లాస్క్ అనే పనిముట్ల పెట్టె ఉంది. ఇది 2010లో వచ్చింది. ఉచితంగా దొరుకుతుంది.

తరువాత ఈ పనికి ఒక ప్రత్యేకమైన గది కట్టాలి. దీన్ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. వంటింటి డబ్బాల్లో కందిపప్పు ఒకదానిలో, పెసరపప్పు మరొకదానిలో పోసినట్టు, ఒక్కో అప్లికేషనుకు కావలసిన సరుకు వేరువేరుగా ఉండాలి. లేకపోతే ఒకదాని కోసం కొత్త సరుకు తెస్తే మరొకటి చెడుతుంది.

మూడవది డేటాబేసు. ఇందులో అసలు కొనుగోలుదార్ల పేర్లు, ఫోను నంబర్లు పెట్టకూడదు. కల్పించిన పేర్లే చాలు. పరీక్ష పేరుతో పరాయివారి వివరాలు మన యంత్రంలో దాచుకోవడం మంచిది కాదు. అసలు కొట్టు తాళాలు, అంటే సంకేతపదాలు కూడా ప్రోగ్రాములో రాయకుండా విడిగా ఉంచాలి.

నాలుగవది మార్పుల చిట్టా. ఏ రోజు ఏ వరుస మార్చామో గుర్తుపెట్టుకునే గిట్ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారు చేశాడు. కొత్త మార్పు బెడిసికొడితే పాత రూపానికి వెళ్ళిపోవచ్చు.

ఇక సర్వరును నడిపించడమే. ఫ్లాస్క్ సర్వరు మామూలుగా 5000వ పోర్టు దగ్గర కూర్చుంటుంది. బ్రౌజరులో 127.0.0.1 అని రాసి, పక్కన రెండు చుక్కలు, ఆ తరువాత 5000 అని కొట్టండి. మీ గాజుల కొట్టు తెరుచుకుంటుంది!

గీత చేసిన గారడీ

ఇప్పుడు పరీక్ష. ప్రోగ్రాము రాసినవారు గీతను దశాంశ బిందువుగా మార్చేశారనుకోండి. 2-8 కాస్తా 2.8 అయింది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. కనుక తెర మీద 71.1 మిల్లీమీటర్లు అని కనిపిస్తుంది. అసలు ఉండవలసింది 63.5!

2-10 గతి చూడండి. అది 2.10గా మారి 53.3 మిల్లీమీటర్లు అవుతుంది. నిజానికి 66.7 ఉండాలి. 2-4, 2-6, 2-8, 2-10 అనే వరుసలో అన్నిటికన్నా పెద్ద గాజు అన్నిటికన్నా చిన్నదైపోయింది! 2-4 ఒక్కటే పెట్టి చూసి ఉంటే ఈ తప్పు సరిగ్గా పట్టుబడేది కాదు. 57.2కు బదులు 61 వస్తుంది, అది చూడటానికి నమ్మదగ్గదిగానే ఉంటుంది. అందుకే పరీక్షకు అన్ని రకాల కొలతలూ, ముఖ్యంగా చివరివి, తీసుకోవాలి.

దీనికి మందు పాత అణాల లెక్కలోనే ఉంది. కొలతను పదహారో వంతుల్లోకి మార్చి దాచాలి. 2-4 అంటే రెండు పదహార్లు ముప్పై రెండు, దానికి నాలుగు కలిపితే 36. అలాగే 2-6 అంటే 38, 2-8 అంటే 40, 2-10 అంటే 42. బిందువూ లేదు, గీతా లేదు. వరుసా తప్పదు. ప్రోగ్రాము దిద్ది దాచగానే, ఫ్లాస్క్‌ను పరీక్షా పద్ధతిలో నడుపుతుంటే సర్వరు తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. పేజీని మరోసారి తెరిస్తే సరైన కొలత కనిపిస్తుంది. ఈలోగా ఏ ఇంటికీ తప్పు గాజు వెళ్ళలేదు!

తాలింఖానా అసలు గోదాలా ఉండాలి

"నా కంప్యూటరులో బాగానే నడిచిందే!" అనే మాట ప్రోగ్రాములు రాసేవారి నోట తరచు వినిపిస్తుంది. పరీక్ష చోటుకీ అసలు చోటుకీ తేడా ఉండటమే దానికి కారణం. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో అంకెల గడిలో 2-8 అనే అక్షరాల ముక్క పెట్టినా మామూలుగా అభ్యంతరం చెప్పదు. పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేసు దాన్ని ఒప్పుకోదు. ఇంట్లో మొదటిది, కొట్టులో రెండవది వాడితే ఇంట్లో గెలిచి రచ్చలో ఓడినట్టే.

భాష సంగతీ అంతే. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. "చార్మినార్" అనే మాటలో గుణింతపు గుర్తులు, పొల్లులతో కలిపి 10 సంకేతాలున్నాయి. అంటే 30 బైట్లు. పాతబస్తీలో ఉర్దూ పేర్లూ ఉంటాయి. అవి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పరీక్షలో ఇంగ్లీషు పేర్లే పెడితే ఈ చిక్కులు కనబడవు.

అందుకే పరీక్ష చోటులోనూ అసలు చోటులోనూ ఒకే రకం సరుకు, ఒకే సంచిక వాడాలి. 2013లో వచ్చిన డాకర్ అనే సాధనం సరుకంతా ఒక పెట్టెలో సర్దుతుంది. ఇంట్లో తెరిచిన పెట్టెనే కొట్టులోనూ తెరవవచ్చు.

ఏ యంత్రం ముందు ఉన్నాం?

రెండు చోట్లూ ఒకేలా ఉంటే మరొక ప్రమాదం ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు ఒక డేటాబేసు యంత్రంలోని సమాచారాన్ని తుడవబోయి, పొరపాటున అసలు డేటాబేసు యంత్రంలో తుడిచేశాడు. దాదాపు 300 గిగాబైట్లు! క్షణాల్లో ఆపినా మిగిలింది సుమారు 4.5 గిగాబైట్లే. వారు నమ్ముకున్న భద్రతా నకళ్ళు అక్కరకు రాలేదు. చివరికి ఆదుకున్నదేమిటో తెలుసా? ఆరు గంటల ముందు పరీక్షల కోసం తీసి పెట్టుకున్న నకలు! అయినా ఆ ఆరు గంటల సమాచారం పోయింది. ఏ ఆదేశం ఇచ్చేముందైనా "ఇది ఇల్లా, కొట్టా?" అని ఒక్కసారి చూసుకోవాలని ఈ సంఘటన చెబుతుంది.

మీరూ చేసి చూడండి

పైథాన్‌తో పాటే ఒక చిన్న సర్వరు వస్తుంది. మీ కంప్యూటరు మాస్టారి సాయంతో దాన్ని 8000వ పోర్టులో నడిపించి, మీరు రాసిన ఒక పేజీని తెరవండి. ఇప్పుడు ఇంటర్నెట్టు తీసేసి మళ్ళీ తెరవండి. పేజీ వస్తుంది! పక్కనున్న స్నేహితుని ఫోనులో 127.0.0.1 కొడితే మాత్రం మీ పేజీ రాదు. ఎందుకో ఆలోచించారా? ఆ ఫోనుకు "నేనే" అంటే ఆ ఫోనే కదా!

తరువాత అమ్మనడిగి ఒక గాజు తీసుకోండి. లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలబద్ద పెట్టి మిల్లీమీటర్లలో కొలవండి. దాన్ని 25.4తో భాగించి, 16తో హెచ్చవేయండి. 40కి దగ్గరగా వస్తే అది 2-8. 44 వస్తే ఏ కొలతో మీరే చెప్పండి!